థింసాకు వాకిలి కావాలి

థింసా మీద వ్యాసం రాసే ప్రతివాళ్లూ వరస గురించి రాస్తారు. వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి పక్కమనిషి చేతిని గట్టిగా పట్టుకోవడం, అందెలు ఒక్కసారే మోగడం, పాములా మెలికలు తిరగడం. ఇవన్నీ నిజమే. ఆ వరస ఎవరి వాకిట్లో తిరుగుతోందో రాసినవాళ్లు మాత్రం తక్కువ. మా విమర్శ ఆ వాకిలి గురించే.

చైత్రమాసంలో మా కొండల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి ఆడటానికి పోతారు. దాన్ని సంకిడి కేల్బార్ అంటారు. పోయిన ఊరు కూడు పెడుతుంది. అంతకంటే ముఖ్యం, లేచి వచ్చి వరసలో చెయ్యి కలుపుతుంది. ఊరికే చూసేవాడనే మనిషి అక్కడ లేడు. ఉన్నా అలిసి కూలబడ్డ ముసలాయనో, చంటిబిడ్డ తల్లో.

నిరుడు చైత్రంలో అరకు వైపు నుంచి ఒక బృందం విశాఖపట్నంలో ఒక ఉత్సవానికి దిగింది. మేమూ వెంట ఉన్నాం. థింసా ఎనిమిది రకాలని అందరూ చెప్పుకుంటారు. ఆ ఎనిమిదింటికీ కలిపి వేదిక మీద దొరికింది పది నిమిషాలు. ఆకులు కోసే పోతర్‌తోలా, భుజాలు రాసుకునే కుండా థింసా ఒకదాని మీదొకటి పడి ఏది ఏదో తెలియకుండా పోయాయి. బాగ్ థింసా సంగతి మరీను. అది పులి నుంచి తప్పించుకునే ఆట. కొందరు చేతులు పట్టి గుండ్రంగా నిలబడితే మిగతావాళ్లు వేగంగా చుట్టూ తిరిగి పాముచుట్ట చుడతారు. చూసేవాళ్లకు ముఖాలు కనబడాలని ఆ చుట్టను జనం వైపు తెరిచి ఉంచమన్నారు. ఒక పక్క తెరిచిన చుట్టలోకి పులి రాకుండా ఉంటుందా!

మోరి సంగతి ఇంకా బాధ. మోరి మలుపు విని కాళ్లు అడుగు మారుస్తాయి. ఎప్పుడు మారాలో, ఎప్పుడు ఆగాలో ఊదేవాడి ఊపిరి చెబుతుంది. నగరంలో ముందే రికార్డు చేసిన పాట పెట్టారు. మోరి పెద్దాయన వేదిక అంచున మోరి పట్టుకుని, పెదాలకు ఆనించకుండా నిలబడ్డాడు. ఫొటోల్లో ఆయన బాగా పడ్డాడట. కుర్రాళ్లు మోరి నేర్చుకోవడం లేదని సభల్లో వాపోయేవాళ్లు ఒక్కసారి అక్కడ నిలబడి చూడాల్సింది.

మూడో రోజు ఆట లేదు. బృందంలో ఒకామెకు నగరంలో నేస్తం ఉంది, బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల. మావైపు నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు, రెండిళ్లకూ చుట్టరికం కలుస్తుంది. ఆ పిల్ల ఒకరోజు జీతం వదులుకుని అందరినీ సిటీబస్సెక్కించింది. "ముందు ఎక్కడికి వదినా?" అంటే, సముద్రం అనలేదెవరూ. కేజీహెచ్ అన్నారు. కొండమీదివాళ్లకు విశాఖ అంటే ముందు ఆ ఆసుపత్రే. ఒకామె తన పెద్దకొడుకు పుట్టిన వైపు చూపించింది. ఇంకొకామె తండ్రిని తీసుకొచ్చి ఒక్కతే తిరిగెళ్లిన గేటు దగ్గర కాసేపు నిలబడింది.

తరవాత బీచ్, కురుసుర జలాంతర్గామి. ఆ ఇరుకులో మనుషులెలా పడుకునేవారా అని నవ్వుకున్నారు. అక్కడి నుంచి రాస్ హిల్ ఎక్కితే కింద ఓడరేవు. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేశారు, బైలదిలా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి. పుట్టిన దగ్గర నుంచీ వీళ్ల పొలాల పక్క నుంచి దిగిపోతున్న గూడ్సుబండి ఎక్కడ ఖాళీ అవుతుందో ఆరోజే చూశారు. "ఇంత దూరం వచ్చేది దీనికా!" అంది బృందంలో పెద్దామె. ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం ఆ పిల్ల ఒంటిగదిలో అన్నం, ఎండుచేపలు మామిడికాయ పులుసు. తిన్నాక డాబా మీద ఆడారు. మోరి లేదు, తుడుము లేదు, కిరిడి లేదు, నోటిపాటే. నేస్తం అడుగు తప్పింది, పెద్దామె వీపుమీద ఒకటేసి మళ్లీ లాక్కుంది. పక్కవాటాలో ఆడవాళ్లిద్దరు వచ్చి చివర చేరారు. ఆటగా తూచితే నాసిరకమే. అయినా ఆ నాలుగు రోజుల్లో మేం నగరంలో చూసిన థింసా అదొక్కటే. కూడు పెట్టిన మనిషి వరసలో ఉంది కాబట్టి.

డబ్బు తీసుకుని ఆడటం తప్పనడం లేదు మేం. ఎండాకాలం కొండమీద చేతిలో పైసా ఆడదు, ఆ పారితోషికంతో రెండిళ్లు అప్పు తీర్చుకున్నాయి. వెళ్లొద్దని చెప్పే మేధావులు ఆ అప్పు తీర్చరు. అడగాల్సింది వేరే ఉంది. ఒకే ఎత్తువాళ్లు, ముప్పై లోపువాళ్లు కావాలని పిలిచినవాళ్లు షరతు పెట్టారు. అడుగులన్నీ తెలిసిన ముసలమ్మలు దాంతో ఊళ్లోనే ఉండిపోయారు. పైగా చైత్రంలోనే పిలిచారు. ఇటుకల పండగ నెల అది. ఆ ఏడు ఆ ఊళ్లో పండగ వరస బడిపిల్లలతో, ముసలమ్మలతో నిలిచింది. చెయ్యి చెయ్యి పట్టుకునే ఆటలో నడివయసువాళ్లు, పడుచువాళ్లు లేకపోతే ముసలిచేతి నుంచి పిల్లచేతికి మధ్య ఎవరున్నట్టు? సంస్కృతిని కాపాడుతున్నామని బ్యానరు కట్టినవాళ్లు పండగ నెల ఏదో తెలుసుకోకపోవడం చిన్న లోపం కాదు.

పిలిస్తే వేరే నెలలో పిలవాలి. పాట మోరిదే కావాలి, నిడివి మోరి చెప్పాలి. వేదిక వద్దు, జనం నడిచి రాగలిగే నేల చాలు. పిలిచినవాళ్లు కుర్చీలు వదిలి ఒక్క చుట్టయినా చెయ్యి కలపాలి. చేతకాకపోతే ఆ డాబా మీదామెలా అడుగు తప్పొచ్చు.

ఈ చైత్రంలో ఇటుకల పండక్కి నేస్తాన్ని ఊరు పిలిచింది. దుకాణంలో సెలవు దొరకలేదు. ఆమె వాటాగా కందులు, పసుపు మూటగట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. నగరం నుంచి బృందానికి మళ్లీ పిలుపొచ్చింది, వచ్చే ఏడుకి, మళ్లీ చైత్రంలోనే. పోవాలా వద్దా అని ఊరు ఇంకా తేల్చుకోలేదు.