ఎన్ని కావాలి?

కరెంటు మోటారుకు అల్యూమినియం మూత కావాలి. డ్రాయింగు సిద్ధంగా ఉంది. ఇసుక అచ్చులో పోయవచ్చు, ప్రెజర్ డైకాస్టింగ్‌లో ఒత్తిడితో నింపవచ్చు, దిమ్మ తెచ్చి సీఎన్‌సీ మీద చెక్కేయవచ్చు. ఏ దారిలో వెళ్లినా మూత వస్తుంది. ప్రొడక్షన్ ప్లానింగ్‌లో తలపండినవాళ్లు మాత్రం యంత్రాల మాట ఎత్తకముందే అడుగుతారు: ఎన్ని కావాలి?

పదో పరకో అయితే చెక్కడమే నయం. రేపు డ్రాయింగు మారినా పెద్దగా నష్టం లేదు. వందల్లో అయితే చెక్క ప్యాటర్న్ చేయించి ఇసుకలో పోయిస్తారు. ఏడాదికి లక్ష అన్నారా, డైకాస్టింగ్ వైపు చూడాల్సిందే. గట్టి టూల్ స్టీల్‌తో చేసే ఆ డైకి డబ్బూ ఎక్కువే, సమయమూ ఎక్కువే. ఆ ఖర్చు లక్ష మూతల మీద సర్దుకుంటుంది. వంద మూతల మీద సర్దుకోదు.

ఇక్కడో చిక్కుంది. కరిగిన లోహం డైలోకి మహా వేగంగా దూసుకుపోతూ గాలిని కూడా లాక్కుపోతుంది. బలం కోసం ఆ ముక్కను హీట్ ట్రీట్‌మెంట్‌కు పెడితే లోపలి గాలి ఉబ్బి పైన పొక్కులు లేస్తాయి. కాబట్టి మూతకు ఎంత బలం కావాలో డైకి ఆర్డరివ్వకముందే తేలాలి. గోడల మందం, డై నుంచి ముక్క ఊడిరావడానికి ఇచ్చే వాలు కూడా అప్పుడే. డిజైనరూ డై మేకరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన రోజు అదే. అది తప్పిపోతే తర్వాత ఎంత శ్రమపడినా అతుకులే. టెస్లా తన మోడల్ వై కారు వెనుక అడుగుభాగాన్ని పదుల ముక్కలు కూర్చే బదులు భారీ పోతగా తీయాలనుకున్నప్పుడు, పెద్ద యంత్రం ఒక్కటే సరిపోలేదు. హీట్ ట్రీట్‌మెంట్ అక్కర్లేని అల్యూమినియం మిశ్రమాన్నీ తయారు చేసుకుంది.

అన్నిసార్లూ సంఖ్య మాటే చెల్లదు. స్వామిమలై స్థపతులు మైనంతో విగ్రహం చేసి, మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితేనే విగ్రహం బయటికొస్తుంది. జెట్ ఇంజన్ టర్బైన్ బ్లేడుకూ మూలసూత్రం ఇదే, మట్టి స్థానంలో సిరామిక్ వస్తుంది. నికెల్ సూపర్ అల్లాయ్‌ని చెక్కడం చాలా కష్టం. పైగా బ్లేడు లోపల గాలి తిరిగే సన్నని వంకర దారులుండాలి. ఆ వంపుల్లో ఏ డ్రిల్లూ తిరగదు. అందుకే సిరామిక్ కోర్ చుట్టూ లోహం పోసి, తర్వాత ఆ కోర్‌ను రసాయనంతో కరిగించేస్తారు. విగ్రహం ఒక్కటే కావాలి గనుక అక్కడ ఆ పద్ధతి. బ్లేడు విషయంలో లోహమూ ఆకారమూ కలిసి ఆ పద్ధతినే కోరతాయి.

హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఇంకో మెట్టు ఎక్కింది. విపరీతమైన వేడిలో లోహం బలహీనపడేది రేణువుల సరిహద్దుల దగ్గర. బ్లేడంతా ఒకే స్ఫటికమైతే ఆ సరిహద్దులే ఉండవు. అలాంటి 300 బ్లేడ్ల కార్యక్రమంలో భాగంగా 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజన్ కోసం విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందజేసినట్టు డీఆర్‌డీవో 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. మోటారు మూతల లెక్కతో చూస్తే 300 కోసం ఇంత ఏర్పాటు గిట్టదు. ఆ ఇంజన్‌కు మాత్రం దానికి సాటిరాగల చౌక దారి లేదు.