మగవేషంలో మధురవాణి

కన్యాశుల్కం నేను మొదటిసారి చూసింది తెర పక్కన నిలబడి. కాలేజీ వార్షికోత్సవానికి కొన్ని రంగాలు వేస్తున్నారు. మధురవాణి వేషం నాకిమ్మని అడిగితే మా లెక్చరరు గారు నవ్వి, "సానివేషం నీకెందుకమ్మా? మీ నాన్నగారు ఊరుకుంటారా?" అన్నారు. వేషం బి.కాం. అబ్బాయికి వెళ్ళింది. అతనికి సవరం పెట్టి జడ వేసే పని, నా చీర కట్టే పని నాకొచ్చాయి. అతను బాగానే చేశాడు. నా ఏడుపంతా అదే.

కానీ చివరి రంగంలో ఏదో తేడా కొట్టింది. రాత్రివేళ మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది కదా. చీర విప్పి పంచె, కోటు వేసుకోగానే అబ్బాయి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గొంతు సొంత గొంతయింది. హాలంతా ఈలలు. మధురవాణి మాత్రం రంగం మీద లేదు.

చాలా ఏళ్ళ తర్వాత రవీంద్రభారతిలో అదే రంగం ఒక నటి చేయగా చూశాను. ఆమె భుజాలు విరుచుకోలేదు, గొంతు బొంగురు చేయలేదు. కుర్చీ అంచున కూర్చుని, మాటమాటకీ కండువాను గుండెల మీదికి లాక్కుంది, పమిటలా. ఎదుటివాడు సానుల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న సంస్కర్త. తానెవరో తెలిస్తే గుమ్మం బయటే. లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్యానేరం విడిపోవాలన్నా, గిరీశం బండారం బయటపడాలన్నా, ఆ మగబట్టలు లేకుండా ఆమెకు లోపలికి దారి లేదు. సంస్కరణోద్యమపు మంచితనానికి గుమ్మం ఎంత ఇరుకో ఆ కండువా సర్దుకోవడంలో కనిపించింది. 1909 నాటి రెండో కూర్పులో గురజాడ మధురవాణిని అంతగా పెంచింది ఇందుకే అనిపించింది. పుస్తకం ఎన్నిసార్లు చదివినా నాకిది తట్టలేదు.

(ఆ ప్రదర్శనలో బుచ్చమ్మను మాత్రం నిర్దాక్షిణ్యంగా కత్తిరించారు. నాటకం మొత్తం వేస్తే తెల్లవారుతుంది, నిజమే. అయినా కోత ఎప్పుడూ విధవ మీదే ఎందుకు పడుతుందో!)

మా అమ్మమ్మ తెనాలిలో స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసింది. "ఆయన నడక చూసి మేం నడక నేర్చుకున్నామే" అనేది మురిసిపోతూ. ఆయన ప్రతిభను నేను తక్కువ చేయను. 1956లో పద్మశ్రీ ఊరికే రాలేదు. కానీ ఆడనడక ఎలా ఉండాలో మగవాడి దగ్గర నేర్చుకోవడమేమిటి అమ్మమ్మా అంటే, "మమ్మల్ని రంగం ఎక్కనిచ్చిందెవరు?" అంది. ఆమె మురిపెం కింద ఆ మాట ఎన్నాళ్ళుగా ఉందో!

ఎక్కనిచ్చినవాళ్ళు లేకపోలేదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభిలో ఆడవాళ్ళు ఆడవేషాలే కాదు, మగవేషాలూ వేశారు. సురభి కమలాబాయి తల్లికి నాటకం ఆడుతుండగానే నొప్పులొచ్చాయనీ, చూసేవాళ్ళు అది కూడా నటనే అనుకున్నారనీ చెబుతారు. ఈ కథను అందరూ అబ్బురంగా చెబుతారు. నిండు నెలల్లో ఆమె ఎందుకు వేషం వేయాల్సి వచ్చిందని ఎవరూ అడగరు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో వాళ్ళ మాయాబజార్ చూశాను. తెరలు, మాయలు, గాలిలో ఎగిరే బాణాలు, హార్మోనియం, పద్యాలు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నా కళ్ళు మాత్రం మాయా శశిరేఖను వదల్లేదు. అప్పటిదాకా సిగ్గుతో ముడుచుకున్న నటి ఘటోత్కచుడు పూనగానే కాళ్ళు ఎడంగా పెట్టి, తొడ చరిచి, లక్ష్మణకుమారుణ్ణి ఆటపట్టించింది. నా పక్కనున్న ముసలమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. పెళ్ళికూతురు అలా నడవడం ఆమె ఏ పెళ్ళిలో చూసి ఉంటుంది?

నాటకం అయ్యాక రంగం వెనక్కి వెళ్ళాను. ఆ నటి కిరీటం పక్కన పెట్టి, మొహాన రంగుతోనే చంటిబిడ్డకు పాలిస్తోంది. "తొడ చరవడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"మా అత్త. అంతకుముందు ఆవిడే వేసేది" అంది, బిడ్డను రెండోవైపుకు మార్చుకుంటూ.