కరగని పసరు

తెలుగు చదువుకున్నవాడు హిమాలయాన్ని కంటితో చూడకముందే పద్యంలో చూస్తాడు. అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం విడిచి ఎన్నడూ ఊరు దాటని ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని ఆ కొండకు వెళ్ళడం, మంచుకు పసరు కరిగిపోవడం, ఇల్లు చేరే తోవ కానక ఆ గృహస్థు అల్లాడిపోవడం మనుచరిత్రం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. వరూధినిని రంగం మీదికి తేవడానికి పెద్దన పన్నిన ఉపాయమిదని విద్యార్థులకు నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఈ గ్రంథపు వ్రాతప్రతి చదివిన తరువాత మాత్రం, కొండ తన్ను చూడవచ్చినవానిని అంత తేలికగా తిరిగి పంపదన్న ఎరుక కూడా ఆ మహాకవికి ఉండి ఉంటుందని తోస్తున్నది.

చిరంజీవి గ్రంథకర్త తీసుకున్నది అలా చిక్కుబడిన ఇద్దరి కథ. మొదటివారు నికొలాయ్ రోరిక్. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గులో జన్మించి, రంగస్థల అలంకరణలోను, ప్రాచీన రష్యా చరిత్రను చిత్రించడంలోను పేరు గడించి, నడివయస్సు దాటాక 1923లో భారతదేశానికి వచ్చిన ఆ మహాశయుడు, మధ్య ఆసియా గుండా సాగించిన దీర్ఘయాత్ర ముగియగానే 1928లో కులూ లోయలోని నగ్గర్‌లో కాపురం పెట్టి, 1947 డిసెంబరు 13న అక్కడే కన్నుమూశారు. చితి కూడా ఆ కొండల ఎదుటనే. దాదాపు ఇరవై ఏళ్ళు కిటికీలోంచి కనిపించిన శిఖరాలనే మళ్ళీ మళ్ళీ చిత్రించిన వానికి విసుగెందుకు కలగలేదన్నదే ఈ గ్రంథకర్త వేసుకున్న ప్రశ్న. ప్రశ్న చిన్నది, దానికోసం పడిన శ్రమ చిన్నది కాదు.

ఆయన గ్రంథాలయంలో కూర్చొని సమాధానం వెదకలేదు. నగ్గర్‌లో మూడు ఋతువులు గడిపి, ఒకే గట్టు అంచును ఉదయం, మిట్టమధ్యాహ్నం, మునిమాపు వేళ పెన్సిలుతో గీసుకున్న నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఆ గీతల్లో చిత్రకళానైపుణ్యం లేదు, ఉన్నదని ఆయన కూడా అనుకోలేదు. అయితే అంచు కదలకుండా ఉన్నా దాని కింది నీడ పూటకొక కొండను పుట్టిస్తున్నదని ఆ పుటలు తిప్పుతుంటే నాకు తెలిసింది. రోరిక్ తైలవర్ణాలను వదిలి టెంపెరా పట్టుకోవడానికి గ్రంథకర్త చెప్పిన కారణం కూడా ఈ పరిశీలన నుంచే పుట్టింది. తైలం కాలక్రమాన నల్లబడుతుంది, వెలుగు పడితే తళతళలాడుతుంది. టెంపెరా మెరుపు లేకుండా, సున్నపు గోడ మీది రంగులా పొడిపొడిగా నిలుస్తుంది. దూరపు మంచుకు ఉన్నదీ ఆ పొడి కాంతియే. నా చిన్ననాట ఒక పత్రికలో అచ్చయిన రోరిక్ నీలాన్ని చూసి నీలిమందు ఒలికిందనుకున్నాను. నగ్గర్‌లో అసలు చిత్రం ఎదుట నిలబడినప్పుడు గాని ఆ అపచారానికి చెంపలు వేసుకోలేదు.

రెండవవారు మనవారు, తుమ్మపూడి సంజీవదేవ్. 1914లో పుట్టి 1999 వరకు జీవించిన ఆయన యౌవనంలో హిమాలయ ప్రాంతాల్లో తిరిగి, కులూలో రోరిక్ కుటుంబ సాన్నిధ్యాన్ని పొంది, తిరిగి స్వగ్రామం తుమ్మపూడి చేరి, అక్కడి నుంచే కుంచెను, కలాన్ని నడిపారు. ఆయన ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' చదివినవారికి ఆ మంచుగాలి పరిచితమే. దుగ్గిరాల పసుపు వాసన, కాలువ నీళ్ళు, కనుచూపు మేర వరిచేలు గల సమతలంలో కూర్చున్న మనిషికి అంత ఎత్తు ఎక్కడిది? ప్రవరుని పసరు మంచుకు కరిగింది. సంజీవదేవ్ పసరు కృష్ణా డెల్టా ఎండలకు కూడా కరగలేదు. గ్రంథకర్త ఈ మాట ఎక్కడా అనలేదు గాని, ఆయన సమకూర్చిన సామగ్రి నాచేత అనిపించింది. కొండను ఎదుట పెట్టుకొని గీసినవారు ఒకరైతే, పోగొట్టుకొని గీసినవారు మరొకరు. ఇద్దరికీ బొమ్మలో ఇమడనిది వచనంలోకి ప్రవహించిందన్న ప్రతిపాదన ఈ గ్రంథానికి ఆయువుపట్టు.

ఒక అసంతృప్తిని దాచుకోను. టిబెట్టు గాథల్లోని గుప్తరాజ్యమైన శంభల ప్రస్తావన వచ్చిన చోటల్లా మావాడి వాక్యం నేల విడిచిపోతున్నది. రోరిక్‌కు అది జీవితకాలపు అన్వేషణ కావచ్చు. విమర్శకునికి కాలి కింద రాయి ఉండాలి. ఆ ప్రకరణాన్ని సగానికి తగ్గించమన్నాను. తగ్గించలేదు. తన మాట మీద నిలబడే వయస్సు అది, నేను నొచ్చుకోలేదు.

చివరి అధ్యాయం ఏ శిఖరం ఎదుట రాశావని అడిగాను. తుమ్మపూడిలో, నారుమళ్ళు పోసే రోజుల్లో, ఒక ఇంటి అరుగు మీద చెమటలు కారుతుండగా రాశానన్నారు. పాఠకులు ఆ అధ్యాయాన్ని ముందు చదివి, తరువాత మొదటి పుటకు రావాలని నా కోరిక.