అన్యాపదేశము నుండి వాచ్యమునకు: స్టార్ ట్రెక్ ధారావాహికయు దాని అభిమానులును

పరభాషా ప్రాంతమున తరతరములుగా స్థిరపడినవారికి ఒక అలవాటు కలదు. ఇరుగుపొరుగువారి నాటకమునందో చలనచిత్రమునందో తెలుగువాడొకడు పాత్రగా ప్రవేశించినంతనే మనము చెవులు రిక్కించి విందుము. వాని మాటతీరును నవ్వులాటకు వాడుకొనిరా, వాడు మనిషిగా నిలిచినాడా, కథ సగము గడువకముందే మాయమైనాడా యని పరిశీలింతుము. అధికసంఖ్యాకులకు ఈ శ్రమ లేదు. ప్రతి కథయు వారిదే కనుక ఏ యొక్క పాత్రయు వారికి ప్రతినిధి కానక్కఱలేదు. అల్పసంఖ్యాకులకో, కనబడిన ఆ యొక్క పాత్రయే సర్వస్వము.

ఈ యనుభవము భాషకు మాత్రమే పరిమితము కాదు. స్వలింగ ప్రేమికులును, పుట్టుకతో నిర్ణయింపబడిన లింగమునకు భిన్నముగా తమ్ము తామెఱిగినవారును దీనిని మనకన్న తీవ్రముగా అనుభవించినవారు. మన బిడ్డ వీధిలో ఏ భాష విన్నను ఇంటికి వచ్చిన పిదప తల్లి నోట తన భాష వినును. వారికి అట్టి ఊరట సామాన్యముగా లభింపదు. తమవంటివారొకరు కలరను సంగతి స్వగృహమునందే వారికి తెలియదు. అట్టివారికి తెరమీద కనబడు ఒక పాత్ర తొలి బంధువగుట కలదు. ఆ పాత్రను గూర్చి వారు పడిన ఆరాటమును, అమెరికా దేశపు స్టార్ ట్రెక్ అను వైజ్ఞానిక కల్పనా ధారావాహిక చరిత్రమునుండి ఇచట పరిశీలింపదలచినాము.

ఈ ధారావాహిక 1966లో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ ద్వారా ప్రారంభమై 79 భాగములతో 1969లో ముగిసినది. 1980వ దశకమున దూరదర్శన్‌లో ప్రసారమగుటచే మనవారిలోను పలువురకు పరిచితము. దీని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. నక్షత్రమండలములలో సంచరించు ఎంటర్‌ప్రైజ్ నౌకయందు నల్లజాతి స్త్రీయైన ఉహూరా, ఆసియా సంతతివాడైన సూలూ, అన్యగ్రహవాసియగు తండ్రికిని భూలోకపు తల్లికిని జన్మించిన స్పాక్ సమానగౌరవముతో పనిచేయుచుందురు. మానవజాతి తన సంకుచితత్వమును గెలిచిన కాలమది యని ఆ కథ వాగ్దానము. ఆ వాగ్దానమే అభిమానులకు హక్కునిచ్చినది. అందఱికిని చోటున్నదని చెప్పిన కథను, మా చోటేదని అడుగుట న్యాయమే కదా!

తన కాలపు కలహములను ఈ ధారావాహిక అన్యాపదేశముగా చెప్పెడిది. జాతివైరమును చెప్పదలచిన అన్యగ్రహవాసుల కథ చెప్పును. 1968లో నౌకాధిపతి కర్క్ ఉహూరాను ముద్దాడిన ఘట్టము ప్రసిద్ధమైనది. తెల్ల నల్ల జాతుల వివాహములను నిషేధించు రాష్ట్ర శాసనములను అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసినది అంతకు ముందటి యేడే, 1967లో. అట్టి కాలమున ఆ ఘట్టము సాహసమే. అయినను కథలో వారిరువురును స్వేచ్ఛగా ముద్దాడలేదు. అన్యుల మనోశక్తి వారిని బలవంతపెట్టినది. చెప్పవలసినది చెప్పుచు తప్పుకొనుటకు ఒక త్రోవ నిలుపుకొనుట ఈ పద్ధతి లక్షణము.

ఇక అభిమానుల సంగతి. రెండవ సంవత్సరముతో ధారావాహిక ఆగిపోవునను వార్త పుట్టినపుడు వారు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. 1968 మార్చిలో మఱియొక సంవత్సరము కొనసాగునని సంస్థ ప్రకటింపవలసివచ్చినది. వారే చిన్న పత్రికలు స్థాపించి, కథలు వ్రాసి, తపాలా ద్వారా పంచుకొనిరి. 1974లో గ్రప్ అను అట్టి పత్రికయందు కర్క్ స్పాక్‌ల నడుమ స్నేహమును ప్రణయముగా భావించిన చిన్న కథ యొకటి వెలువడినది. నాటినుండి ఆ త్రోవలో వచ్చిన రచనలకు లెక్క లేదు. వ్రాసినవారిలో అధికులు స్త్రీలు. మూలగ్రంథమున ధ్వనించిన దానిని వారు వాచ్యము చేసిరి.

దీనికి మూలకర్త ఇచ్చిన సమాధానము గమనింపదగినది. రాడెన్‌బెరీ 1979లో ప్రకటించిన స్టార్ ట్రెక్ నవలయందు, స్పాక్ తన మిత్రుని తలచుకొను ఒక మాటకు మిత్రుడు, సోదరుడు, ప్రియుడు అను మూడర్థములు కలవని పుటక్రింది సూచికలో చెప్పి, ఆ వెంటనే మూడవ యర్థమును కర్క్ నోటనే త్రోసిపుచ్చెను. తలుపు తెఱచిన చేతితోనే మూసినాడు.

మన యాలంకారికులలో ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వని యాత్మ యనెను. వాచ్యముకన్న వ్యంగ్యము మనోహరమన్న ఆ సిద్ధాంతమును మేము తిరస్కరించుట లేదు. రసమునకు, భావమునకు అది పరమప్రమాణము. కాని ఒక వర్గపు మనుష్యుల ఉనికియే ఎల్లప్పుడును ధ్వనిగా మాత్రమే మిగిలినచో అది సౌందర్యము కాదు, మఱుగు. ధ్వనించినదానిని సహృదయుడు గ్రహించును. అసహృదయుడు అట్టిది లేనేలేదనును. ఆ రెండవవానికి సమాధానము చెప్పుటకు వాచ్యము కావలెను. అభిమానులు కోరినది ఇదియే.

కోరినది వెంటనే లభింపలేదు. 1987లో ది నెక్స్ట్ జనరేషన్ అను క్రొత్త ధారావాహిక ప్రారంభమైనపుడు రచయిత డేవిడ్ జెరాల్డ్ బ్లడ్ అండ్ ఫైర్ అను నాటకమును సిద్ధపఱచెను. ఎయిడ్స్ వ్యాధి భయము దేశమును కమ్మియున్న దినములవి. నెత్తుటి ద్వారా వ్యాపించు విపత్తును అన్యాపదేశముగా చెప్పుచు, నౌకాసిబ్బందిలో ఇరువురు పురుషులను దంపతులవలె సహజముగా నిలిపిన రచన యది. దానిని చిత్రింపలేదు. ఇరువది యేండ్ల పిమ్మట, అభిమానులు తమ సొంత పూనికతో నడపుకొను ధారావాహికయందు జెరాల్డ్ స్వయముగా దర్శకత్వము వహింపగా 2008, 2009 సంవత్సరములలో అది రెండు భాగములుగా వెలువడినది. యజమానులు అటకమీద పెట్టిన గ్రంథమును పాఠకులు దించి అచ్చు వేయించినట్లయినది.

1992లో వచ్చిన ది ఔట్‌కాస్ట్ అను భాగము మిక్కిలి చర్చకు గుఱియైనది. స్త్రీపురుష భేదము లేని జాతియందు సోరెన్ అను వ్యక్తి తన్ను స్త్రీగా భావించుకొని, నౌకాధికారి రైకర్‌ను ప్రేమించును. ఆ లోకమున అది రోగము, నేరము. విచారణ సభలో సోరెన్ చేసిన ప్రసంగము నేటికిని హృదయమును కలచును. అంతకన్న కలచునది ముగింపు: చికిత్స జరిగిన తరువాత సోరెన్ తాను సుఖముగా నున్నానని నెమ్మదిగా చెప్పి రైకర్‌ను పంపివేయును. స్వభావమును మార్చు చికిత్స యనబడు దారుణమును ఇంత నిశ్శబ్దముగా చూపిన ఘట్టములు తక్కువ. అయినను తెరమీద ప్రేక్షకుడు చూచినది ఒక పురుషుడును ఒక నటీమణియును ప్రేమించుకొనుట. ఆ పాత్రను పురుషుడు ధరింపవలసినదని రైకర్ పాత్రధారి జొనాథన్ ఫ్రేక్స్ తరువాత అభిప్రాయపడెను. విరాటుని కొలువున బృహన్నల వేషము అర్జునునకు ఒక యేటి మఱుగు. గడువు తీరినంతనే గాండీవమందుకొనును. కథకు ఆ వేషము కావలెను గాని, జీవితాంతము అట్లే యుండు మనిషి అక్కఱలేదు. ది ఔట్‌కాస్ట్ లోపమును ఆ జాతిదే.

1995లో డీప్ స్పేస్ నైన్ ధారావాహికయందలి రీజాయిన్డ్ అను భాగము ఇంతకన్న పరిణతమైనది. పూర్వజన్మవంటి స్థితిలో దంపతులైన ఇరువురు, ఇపుడు స్త్రీలుగా కలిసికొందురు. పాత బంధమును పునరుద్ధరించుటను వారి జాతి ధర్మము నిషేధించుచున్నది. అందఱును ఆ నిషేధమును గూర్చియే మాటలాడుదురు. ఇరువురును స్త్రీలన్న సంగతిని ఆక్షేపించు పాత్ర యొక్కటియు లేదు. ఆ మౌనమే దాని ఘనత. అయినను ఆ ప్రణయము ఒక్క భాగముతోనే ముగిసినది. నిత్యపాత్రలలో స్వలింగ దంపతులకు చోటు దొరకుటకు ఇంకను ఇరువది రెండేండ్లు పట్టినది.

కనబడుటతోనే కష్టము తీరలేదు. ది హండ్రెడ్ అను వేఱొక ధారావాహికయందు లెక్సా అను వీరవనిత, నాయికయగు క్లార్క్‌ను ప్రేమించెను. 2016 మార్చి 3వ తేదీన ప్రసారమైన భాగమున వారి ప్రేమ ఫలించిన మఱునిమిషముననే, ఒకరికై ప్రేల్చిన తూటా తగిలి ఆమె మరణించినది. 2002లో బఫీ ధారావాహికయందు టారా అను యువతి మరణించినదియు ఇట్టి గుఱి తప్పిన తూటాతోనే. ఒకరిని చేరదీయుట, చంపుట అను ఈ పద్ధతిని పలుమార్లు చూచినవారి దుఃఖము కట్టలు తెంచుకొన్నది. వారు ఆ దుఃఖమును ధర్మకార్యముగా మలచి, ఆత్మహత్యా ప్రయత్నములనుండి ఇట్టి యువజనులను కాపాడు ట్రెవర్ ప్రాజెక్ట్ సంస్థకు లక్ష డాలర్లకు పైగా కూడబెట్టిరి. నిర్మాత బహిరంగముగా క్షమాపణ తెలిపెను. వారిలో కొందఱు రచయితలను వ్యక్తిగతముగా దూషించిరి. దానిని మేము సమర్థింపము. పాత్ర చావరాదను నియమమును కూడ మేమంగీకరింపము. విషాదాంతము సాహిత్యమున ఉత్తమస్థానము నందినది. కాని నూఱుగురు నాయికలలో ఒకతె మరణించుట వేఱు, ఉన్న యొక్కతెయు మరణించుట వేఱు.

2016లోనే మఱియొక వివాదము జరిగినది. స్టార్ ట్రెక్ బియాండ్ చలనచిత్రమున సూలూకు భర్తయు కుమార్తెయు గలరని చూపిరి. పూర్వపు సూలూ పాత్రధారియగు జార్జ్ టకేయ్ తాను స్వలింగ ప్రేమికుడనని 2005లోనే బహిరంగముగా చెప్పినవాడు. ఆయనకు గౌరవముగా ఈ మార్పు చేసిరి. ఆయన సంతోషింపలేదు. పాతపాత్రను మార్చుటకన్న క్రొత్తపాత్రను సృష్టించుట మేలని ఆయన తలంపు. ప్రతినిధిత్వమును కోరువాడే మూలకర్త భావమునకు మర్యాద కోరుట గమనింపదగిన విషయము. కళను కొలతబద్దతో నింపుడని అడిగినవారు వీరు కారు.

ఆయన కోరిన క్రొత్తపాత్రలు 2017లో డిస్కవరీ ధారావాహికతో వచ్చినవి. శాస్త్రజ్ఞుడు స్టామెట్స్, వైద్యుడు కల్బర్ దంపతులు. వారు రాత్రి దుస్తులతో అద్దము ముందు నిలిచి పండ్లు తోముకొనుచు, ఆ దినపు అపాయమును గూర్చి మాటలాడుకొను దృశ్యమొకటి కలదు. అందు ఉపన్యాసము లేదు, కన్నీరు లేదు. ఏ యింటనైనను జరుగునదే. అర్ధశతాబ్దపు వాదములన్నింటికి అదియే తగిన ఫలమని మాకు తోచినది. 2018 జనవరిలో కల్బర్ హత్యకు గుఱికాగా పాతగాయము రేగినది. ఆ కథ ముగియలేదని నిర్మాతలు వెంటనే చెప్పి, 2019లో అతనిని బ్రతికించిరి. 2020లో స్త్రీపురుష భేదమున కొదుగని ఆడిరా పాత్రయు చేరినది.

ఇది యంతయు దూరదేశపు టెలివిజన్ కథ, మనకేల యని కొందఱనవచ్చును. మన దేశమున 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించినది. 2018 సెప్టెంబరు 6వ తేదీన వయోజనుల స్వలింగ ప్రేమ నేరము కాదని తీర్పు చెప్పినది. 2023లో వివాహపు హక్కును మాత్రము అంగీకరింపలేదు. న్యాయస్థానము చేయగలిగినది చేసినను, నవ్వును మార్చుట దాని చేతిలో లేదు. మన చలనచిత్రములలో ఆడంగి నడకను అనుకరించి నవ్వు పుట్టించు హాస్యము నేటికిని అంతరింపలేదు. సంఘముల ఉత్సవ వేదికలపై ప్రదర్శించు చిన్న నాటికలయందును ఆ నవ్వు సులభముగా దొరకును.

ఆ నవ్వు రేగినపుడు ప్రేక్షకులలో ఒక బాలుడో బాలికయో నవ్వలేక తలవంచుకొనియుండవచ్చును. తెలుగు యాసను వెక్కిరించు పాత్రను పరాయి వేదికపై చూచినపుడు మన పిల్లలు తలవంచుకొన్న విధము మనకు తెలియును. కనుక మన యువకులు వ్రాయు తర్వాతి నాటికయందు అట్టి పాత్ర యొకటి యున్నచో, దానికొక పేరును, ఒక వృత్తిని, కథ ముగియువఱకు బ్రతుకును ఇయ్యవలెనని మా మనవి.