పడవ ఎక్కినా పెరగని బరువు

స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్ దగ్గర రెండు కాల్వలున్నాయి, ఒకటి పల్లంలో, ఒకటి మెరకన. వాటిని కలిపే 11 లాకులను 1933లో తీసేశారు. ఒక్క లాకు దాటడానికి పడవ ఎంతసేపు ఆగాలో మన డెల్టా కాల్వల వెంట పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2002లో ఆ లాకుల బదులు ఒక చక్రం నిలబెట్టారు. పడవను నీళ్ళతో సహా 24 మీటర్లు ఎత్తేస్తుంది. (ఆపైన రెండు లాకులు మాత్రం తప్పలేదు.)

చక్రానికి రెండు చేతులు, చేతికో తొట్టి. రెండింట్లో కలిపి 5 లక్షల లీటర్ల నీళ్ళు. ఒక తొట్టిలోకి పడవ వచ్చింది, రెండోదాంట్లో లేదు. తూకం ఒకవైపు మొగ్గాలి కదా? మొగ్గదు. పడవ తన బరువుకు సరిపడా నీటిని కాల్వలోకి నెట్టేసి మరీ లోపలికొస్తుంది. తలుపు మూసేసరికి తొట్టి బరువు ఎప్పటంతే. తొట్టిలో మంచుపలకలు తేలుతున్నా ఇదే లెక్క. తేలుతూ ఎంత నీటిని పక్కకు తోశాయో, కరిగాక అంత నీరే అవుతాయి, మట్టం కదలదు.

ఇది ఆర్కిమిడీస్ నాటి సంగతే. అసలు పనితనం మట్టాన్ని కాయడంలో ఉంది. రెండు తొట్టుల మట్టాల మధ్య తేడా 37 మిల్లీమీటర్లు దాటకూడదు. అంత పెద్ద తొట్టిలో ఆ కాస్త ఎత్తు కూడా టన్నుల బరువే. సెన్సార్లు, పంపులు, తూములు అన్నీ ఒక కంప్యూటర్ అదుపులో ఉంటాయి.

తొట్టి ఒరగకుండా చూసేవి పళ్ళచక్రాలు. నడుమ కదలని పెద్ద చక్రం, దానికి ఇటూ అటూ చిన్నవి, చివర తొట్టులకు మళ్ళీ పెద్దవి. నడిమిదీ చివరివీ ఒకే కొలత కనుక చేయి ఎంత తిరిగితే తొట్టి అంతే వెనక్కి తిరిగి సమంగా నిలుస్తుంది. వాస్తుశిల్పి టోనీ కెటిల్ ఈ ఏర్పాటును తన కూతురి లెగో ముక్కలతో చేసి చూపించాడు.

నాకు అన్నిటికన్నా నచ్చినవి బోల్టులు. చక్రం తిరిగేకొద్దీ ఇనుము మీద లాగుడూ నొక్కుడూ తారుమారవుతుంటాయి. వెల్డింగ్ అతుకులు దానికి పగులుతాయని 14,000కు పైగా బోల్టులు వేశారు, చేత్తో బిగించి. డెర్బీషైర్‌లోని బటర్లీ కంపెనీ చక్రాన్ని తమ దగ్గరే ఒకసారి బిగించి, అన్నీ కుదిరాయో లేదో చూసుకుని, విప్పి, 35 లారీల్లో పంపింది.

ఇంత చేస్తే, 500 టన్నుల నీటిని అరచుట్టు తిప్పడానికి అయ్యే కరెంటు 1.5 యూనిట్లు. ఇంట్లో గీజర్ ముప్పావుగంట వేసి ఉంచితే కాలేది అంతే.