ఆయిల్ పైపుకు సెగ తగలకుండా

మనుబోలు మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా పోతే ముందు గూడూరు వస్తుంది, మద్రాసుకు ఇవతల షోళవరం వస్తుంది. గూడూరు, సైదాపురం పరిసరాలు అభ్రకానికి, మన కాకిబంగారానికి, పేరు మోసినవి. షోళవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద కార్ల రేసులు జరిగేవి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుకు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చేదాకా సందడంతా అక్కడే. పాత స్పోర్ట్స్ కారులో ఆయిల్ పైపును కాపాడుకోవడమనే సమస్య షోళవరం వైపుది, దానికి వాడదగ్గ సరుకు గూడూరు వైపుది.

మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ చాసిస్‌నే పొట్టి చేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చారు. కార్బురేటర్లూ ఎగ్జాస్ట్ మేనిఫోల్డూ రెండింట్లోనూ ఒకే పక్కన ఉంటాయి. అలాంటి ఇరుకులో ఎవరో ఉత్సాహంగా ఆయిల్ కూలర్ బిగిస్తారు, దాని హోస్ పైపులు ఎగ్జాస్ట్‌ను రాసుకుంటూ పోతాయి. ఇంజిన్ గట్టిగా లాగేటప్పుడు ఎగ్జాస్ట్ వాయువు వేడి 700 డిగ్రీలు దాటుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు తట్టుకునేది 100 నుంచి 120 డిగ్రీలు, అందులో 100 దాకా లోపలి ఆయిలే తెచ్చిపెడుతుంది. మిగిలిన వెసులుబాటు ఎంతో చూడండి. రబ్బరు ముందు గట్టిపడుతుంది, తర్వాత క్లాంపు దగ్గర చెమరుస్తుంది. ఆ చెమ్మ ఎర్రగా కాలిన మేనిఫోల్డు మీద పడితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు.

అందుకే తెలిసిన మెకానిక్కు ముందు పైపు దారి మారుస్తాడు. సరుకు సంగతి తర్వాత. దూరం పెరిగితే సెగ తగ్గుతుంది, డబ్బు ఖర్చు లేదు. ఇంజిన్ తన రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది కాబట్టి పైపుకు కాస్త వదులుండాలి, ఆ వదులు వేలాడి ఎగ్జాస్ట్‌కు తగలకుండా క్లాంపులుండాలి. స్టీలు అల్లిక ఉన్న హోస్ పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. ఆ అల్లిక రాపిడిని ఆపుతుంది, వేడిని కాదు. పైగా లోపలి రబ్బరు పగిలితే కనబడనీయదు.

దారి మార్చలేని చోట రేకు అడ్డం పెట్టాలి. కాలిన లోహం నుంచి వచ్చే సెగ ఎక్కువగా కిరణాల రూపంలో వస్తుంది. మధ్యలో ఒక్క రేకు నిలబెడితే, లెక్క ప్రకారం, ఆ కిరణాల వేడి సగమవుతుంది, రేకు మెరుస్తుంటే ఇంకా బాగా తగ్గుతుంది. కానీ రేకు అటు ఎగ్జాస్ట్‌కూ ఇటు పైపుకూ అంటుకోకూడదు, రెండు పక్కలా గాలి ఆడాలి. రెండు పలుచని రేకుల నడుమ అభ్రకం పలక పెడితే మరీ మేలు. నెల్లూరు అభ్రకం మస్కొవైట్ రకం, 500 డిగ్రీల దాకా చెక్కు చెదరదు. పాత ఇస్త్రీ పెట్టెల్లో తీగ చుట్టింది ఈ పలకకే. అయితే ఒట్టి పలక అదురుకు పొరలు పొరలుగా ఊడిపోతుంది, రేకుల తోడు లేకుండా వాడకూడదు.

ఎగ్జాస్ట్‌కే గుడ్డపట్టీ చుట్టడం ఇప్పుడు ఫ్యాషన్. నాకు నచ్చదు. లోపల వేడి బిగబట్టి పోత ఇనుప మేనిఫోల్డును పగలగొట్టగలదు, తడి పట్టి ఇనుప గొట్టాన్ని తుప్పు తినిపిస్తుంది, ఆయిల్ కారితే వత్తిలా పీల్చుకుంటుంది. పాత బండ్లలో ఆస్బెస్టాస్ తాడు కూడా కనిపిస్తుంది. మన పులివెందుల దగ్గరే ఆ గనులుండేవి. దాన్ని పొడిగా పీకి దులపకండి, ఆ పోగులు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తాయి. బదులుగా పైపుకే అల్యూమినియం పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ తొడుగు వేస్తే చాలు.

కృష్ణపట్నం పోర్టుకు సరుకు తోలే లారీ డ్రైవర్లు పెద్ద ఎత్తు ఎక్కి వచ్చాక ఇంజిన్ వెంటనే ఆపరు, రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిస్తారు. ఆపేస్తే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. టర్బో లేని పాత కారుకూ ఈ అలవాటు పనికొస్తుంది. బండి ఆగగానే గాలి ఆగుతుంది, బానెట్ కింద వేడి పెరుగుతుంది. పైపు పరీక్షించాల్సింది అప్పుడే: ఆపిన పది నిమిషాలకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడాలి. దాన్ని మెరిసే రేకు మీదకు గురిపెడితే అంకె తప్పు చెబుతుంది, నల్ల రబ్బరు మీదకే పట్టాలి.