డిజిటల్ చిత్రలేఖనంలో నీడ: పర్‌స్పెక్టివ్ బోధనపై ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలక పదాలు: నీడ, పర్‌స్పెక్టివ్, క్షితిజరేఖ, అదృశ్య బిందువు, వర్తన, డిజిటల్ చిత్రలేఖనం.

1. విషయ ప్రవేశం

డిజిటల్ చిత్రలేఖనం అభ్యసించేవారి తొలి చిత్రాల్లో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. మనిషి బొమ్మ కుదురుగానే ఉంటుంది, ముఖంపై వెలుగు చక్కగా అమరుతుంది, కానీ ఆ మనిషి నేలమీద నిలిచినట్టు తోచదు. పాదాల కింద బూడిదరంగు మరక ఒకటి ఉంటుంది. అది ఏ వెలుగు వల్ల పుట్టిందో చెప్పే ఆధారం చిత్రంలో మరెక్కడా ఉండదు. దీనిని అభ్యాసకుని చేతి బలహీనతగా భావించడం పరిపాటి. ఈ లోపానికి మూలం బోధనలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నీడను చిత్రం పూర్తయ్యాక చేర్చే 'ఎఫెక్ట్'గా నేర్పుతున్నారు. నిజానికి వస్తువు ఎక్కడ ఉన్నదో, వెలుగు ఎటు నుంచి వస్తున్నదో రంగు వేయకముందే తేల్చవలసిన నిర్ణయం అది.

ఫోటోషాప్‌లో 1998 నాటి 5.0 వెర్షన్‌తో వచ్చిన 'డ్రాప్ షాడో' ఇందుకు మంచి ఉదాహరణ. అది లేయర్‌లోని ఆకారపు నకలును పక్కకు జరిపి, అంచులు మసకబరచి, నల్లబరుస్తుంది. కోణం, దూరం, మసక అనే కొలతలు అందులో ఉన్నాయి కానీ నేల లేదు. కాగితానికి కాస్త పైకి లేచిన అక్షరానికి అది సరిగ్గా సరిపోతుంది. నిలబడిన మనిషికి వాడితే నీడ అతని వెనుక ఉన్న అదృశ్యమైన గోడపై పడుతుంది. పనిముట్టులో తప్పేమీ లేదు. అది ఊహించుకొన్న లోకంలో క్షితిజరేఖ లేదు, అంతే.

2. ఒక మాట, మూడు అర్థాలు

తెలుగులో నేలమీద పడేదీ నీడే, అద్దంలో కనిపించేదీ నీడే, చెట్టు కింద దొరికే ఆశ్రయమూ నీడే. భాషకు ఇది సంపద. చిత్రకారునికి మాత్రం మొదటి రెండింటినీ విడదీసుకోక తప్పదు. నిశ్చలమైన చెరువు ఒడ్డున నిటారుగా ఉన్న స్తంభపు ప్రతిబింబం సూర్యుడు ఎక్కడున్నా నిట్టనిలువుగా కిందికే సాగుతుంది. అదే స్తంభపు నీడ సూర్యునితో పాటు తిరుగుతుంది, పెరుగుతుంది, తరుగుతుంది. రెండింటినీ ఒకే లేయర్‌లో, ఒకే వాలులో గీసిన చిత్రాలు అరుదు కావు.

వస్తువు తన ఉపరితలంపై మోసే చీకటి, అది మరో తలంపై పడవేసే నీడ అనే భేదం కూడా ముఖ్యమైనదే. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పత్రజ, ఐరిక, బిందుజ అని మూడు విధాల వర్తనను చెబుతుంది. ఆకారానికి గుండ్రదనం కలిగించే ఛాయాభేదాలు అవి. అదే గ్రంథంలోని క్షయవృద్ధి భావన అవయవాలు కోణాన్ని బట్టి కుదించుకోవడాన్నీ విస్తరించడాన్నీ వివరిస్తుంది. అజంతా చిత్రాల్లో ఈ దేహపు గుండ్రదనం ఎంత సంపన్నంగా ఉన్నా, నేలపై పడే నీడ సాధారణంగా కనిపించదు. దీనిని అజ్ఞానంగా లెక్కించడం పొరపాటు. అక్కడి వెలుగు ఒక గడియకు కట్టుబడినది కాదు. అయితే ఒక ప్రత్యేక గడియలోని ఎండను చూపాలని సంకల్పించిన నేటి చిత్రకారుడు, నీడ తప్పినప్పుడు ఆ సంప్రదాయాన్ని సాకుగా చూపలేడు.

3. నీడ జ్యామితి

దీపపు నీడకు రెండు బిందువులు చాలు: దీపం, దానికి నిట్టనిలువుగా కింద నేలపై ఉన్న బిందువు. రెండవదానిని 'దీపపాదం' అనుకొందాం. దీపపాదం నుంచి స్తంభపు మొదలు మీదుగా ఒక గీత, దీపం నుంచి స్తంభపు కొన మీదుగా మరొక గీత గీయాలి. అవి కలిసే చోట నీడ కొస ఉంటుంది. సూర్యుడు ఎదుట, చిత్రంలోనే ఉంటే అతని పాదం క్షితిజరేఖపైకి చేరుతుంది. నీడలు ఆ బిందువు నుంచి మనవైపు విచ్చుకొంటాయి. సూర్యుడు మన వెనుక ఉంటే కిరణాల అదృశ్య బిందువు క్షితిజరేఖకు దిగువన, నీడల అదృశ్య బిందువు దానికి సూటిగా పైన క్షితిజరేఖ మీద ఉంటాయి. సూర్యకిరణాలు సమాంతరాలు కనుక నీడలన్నింటినీ తెరపై సమాంతరంగా గీయాలన్నది అభ్యాసకులలో బలంగా నాటుకున్న అపోహ. రైలు పట్టాలు దూరాన కలుస్తున్నట్టు గీసే చేయి నీడల దగ్గర ఆ పాఠం మరచిపోతుంది. సూర్యుడు సరిగ్గా పక్కన, చిత్రతలానికి సమాంతరంగా వెలిగినప్పుడు మాత్రమే అవి సమాంతరంగా నిలుస్తాయి.

క్రిటాలోని అసిస్టెంట్లు, క్లిప్ స్టూడియో పెయింట్‌లోని పర్‌స్పెక్టివ్ రూలర్ ఈ పనికి చక్కగా ఉపకరిస్తాయి. ఒక బిందువును సూర్యుని స్థానంలో, మరొకదానిని సూర్యపాదంలో నిలిపితే గీతలు వాటంతట అవే కుదురుతాయి. కానీ ఈ సాధనాలను భవనాల అంచులు గీయడానికి వాడినంతగా నీడలకు వాడడం కనిపించదు.

'మల్టిప్లై' లేయర్ గురించి ఒక మాట చెప్పాలి. బొమ్మ మొత్తానికి రంగు వేసి, ఆపై ముదురు లేయర్ పరచి నీడలు గీయడం వేగవంతమైన పద్ధతే. దాని ప్రమాదం ఏమిటంటే, వెలుగుకు ఇప్పటికే విముఖంగా ఉన్న భాగంపై కూడా అది రెండవసారి చీకటి పోస్తుంది. ఎండ అందని చెంపకు ఎండను అడ్డుకోవడం వల్ల కొత్తగా కలిగే నష్టం లేదు. ఆరుబయట నీడలో ఆకాశపు నీలి వెలుగు మిగిలే ఉంటుంది. ఒకే బూడిదరంగు దానిని మింగేస్తుంది.

4. కన్ను క్షమించేవి, క్షమించనివి

కచ్చితత్వం అంతా ఒకే విలువ గలదా అన్నది ఈ చర్చలో కీలకమైన ప్రశ్న. ప్యాట్రిక్ కావనా 2005లో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, చిత్రకారులు భౌతికశాస్త్రానికి విరుద్ధంగా వేసిన నీడలను కూడా చూపరులు గుర్తించరని చూపాడు. పరిసర తలం కంటే నీడ ముదురుగా ఉండాలన్న నియమాన్ని మాత్రం కన్ను వదలదు. మరోవైపు కెర్‌స్టెన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో తెరపై బంతి దారి మారలేదు, నీడ దారి మాత్రమే మారింది. చూసేవారికి బంతి ఒకసారి నేలపై దూరంగా జరిగినట్టు, మరొకసారి గాలిలోకి లేచినట్టు తోచింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే అభ్యాసక్రమం మారవలసి ఉంటుంది. నీడ దిశలో పది డిగ్రీల తేడాను కన్ను సులభంగా మన్నిస్తుంది. పాదానికీ నీడకూ మధ్య ఎడమొస్తే మనిషిని గాలిలోకి లేపుతుంది. కనుక మొదట వస్తువు నేలను తాకే చోటు, తరువాత గోడ మొదలు చేరి పైకి మళ్ళే నీడ మలుపు, ఆ పిమ్మటే దిశ. ప్రస్తుత పాఠాలు దాదాపుగా దీనికి తలకిందులుగా సాగుతున్నాయి. స్కాట్ రాబర్ట్‌సన్ 'హౌ టు రెండర్' (2014) నీడ ఆకారాన్ని జ్యామితి నుంచి, జేమ్స్ గర్నీ 'కలర్ అండ్ లైట్' (2010) వెలుగును పరిశీలన నుంచి బోధిస్తాయి. రెండూ విలువైనవే. ఏ తప్పు ముందుగా దిద్దుకోవాలన్న సలహా మాత్రం అభ్యాసకుడు తానే వెదుక్కోవాలి.

నీడను అర్థంగా వాడిన చిత్రానికి ఫ్లోరెన్స్ బ్రాంకాచ్చి చాపెల్‌లోని మసాచ్చో కుడ్యచిత్రం సాక్ష్యం. 1420లలో వేసిన ఆ చిత్రంలో పీటర్ నీడ సోకి రోగులు కోలుకొంటారు. చిత్రంలోని వెలుగు ఆ మందిరపు నిజమైన కిటికీ వైపు నుంచే వస్తుంది. నీడ తావు తప్పితే అక్కడ కథే తప్పుతుంది. అయినా పాశ్చాత్య చిత్రకారులు అనేకులు నేలనీడను తగ్గించారని, దానిపై అనుమానం చూపారని గామ్‌బ్రిచ్ 1995లో లండన్ నేషనల్ గ్యాలరీ కోసం రాసిన 'షాడోస్' చదివితే తెలుస్తుంది. గట్టి అంచుల నీడలు వద్దన్న లియొనార్డో సలహా ఆ కోవలోనిదే. మెత్తదనానికి ఒక కొలత కూడా ఉంది: సూర్యబింబం సుమారు అర డిగ్రీ వెడల్పు కనుక, కిరణం వెంబడి మీటరు దూరానికి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున నీడ అంచు మసకబారుతుంది. పాదం దగ్గర పదునుగా, తల దగ్గర మెత్తగా ఉండే ఆ తేడాను ఒకే 'బ్లర్' విలువ ఇవ్వలేదు.

5. మన ఎండ

లండన్‌లో డిసెంబరు చివరి వారపు మిట్టమధ్యాహ్నం నీడ వస్తువు ఎత్తుకు మూడున్నర రెట్లు దాటుతుంది. హైదరాబాదులో అదే సమయాన అది ఎత్తును కూడా అందుకోదు. ఇక్కడ మే రెండవ వారంలో, ఆగస్టు తొలి వారంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే క్షణాన నిటారు స్తంభానికి నీడే ఉండదు. పక్కవాటు ఎండలో సాగిన నీడలను చూపే పాఠాలతో నేర్చి, తెలంగాణ వేసవి మధ్యాహ్నాన్ని పొడవాటి నీడలతో గీసిన చిత్రం పర్‌స్పెక్టివ్ ప్రకారం సరైనదే కావచ్చు. ఆ ఎండ మాత్రం మనది కాదు. మన మధ్యాహ్నంలో నీడ చూరు కింద, గడ్డం కింద, కనుబొమల కింద చేరుతుంది. నేల నుంచి తిరిగి లేచిన వెలుగు ఆ చీకట్లను పలుచబరుస్తుంది.

బ్లెండర్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టెలూ గోళాలూ పేర్చి నీడను తీసుకొని, దానిపై గీయడం ఇప్పుడు వృత్తిలో సాధారణమైంది. అది మోసమన్న వాదం నిలవదు. కానీ సూర్యుడిని ఎక్కడ నిలపాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు. తెలియనివాడు డీఫాల్ట్ వెలుగుతోనే తృప్తిపడతాడు. తరగతిలో దీనిని పరీక్షించడానికి ఒక చిన్న అభ్యాసం ప్రతిపాదించవచ్చు. బల్లపై చెంబు, పక్కన దీపం గీయించి, చెంబు లేయర్‌ను ఆర్పివేసి, నీడను మాత్రమే మరొక విద్యార్థికి ఇవ్వాలి. చెంబు బల్లపై ఆనినదా, పైకి ఎత్తినదా, దీపం ఎంత ఎత్తున ఉన్నదీ అతను ఆ నీడను చూసి చెప్పాలి. చెప్పలేకపోతే తిరిగి గీయవలసినది నీడ వేసిన విద్యార్థే.